పచ్చి కోడికూర బాగుందా, ఖరాబైందా? పొయ్యి మీద పెట్టకముందు తెలుసుకోవడం ఎట్లా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓరుగల్లు, హనుమకొండ, కాజీపేట వీధుల్లో ఆదివారం పొద్దున చికెన్ సెంటర్ ముందు నిలబడి, కండ్ల ముందు కోయించుకొని తెచ్చిన కూర మామూలుగా ఖరాబు కాదు. తిప్పలంతా ఆ తర్వాతే. బండి డిక్కీలో మరిచిపోయిన కవరు, ఎల్లుండికని ఫ్రిజ్‌లో తోసిన గిన్నె, రాత్రంతా కరెంటు పోయిన ఇల్లు, దావత్ కోసం ముందురోజే తెప్పించిన యాభై కిలోలు. ఇక్కడ రాసిన ప్రశ్నలు ఎక్కువగా అటువంటివే.

కూర బాగుందో లేదో చూడాలంటే మొదట ఏం చూడాలి?

గడియారం. ముక్కు, చెయ్యి, కన్ను ఆ తర్వాత. కోడిని ఎప్పుడు కోశారు, అప్పటినుంచి ఎంతసేపు బయట ఉంది, ఎంతసేపు చల్లగా ఉంది అన్న లెక్క తేలితే సగం జవాబు దొరికినట్టే.

పచ్చి మాంసం బయట ఉండగలిగేది మొత్తం 2 గంటలు. బయటి వేడి 32 డిగ్రీలు దాటితే 1 గంటే. మనకు మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నాలు 32 దాటడం మామూలు, మే నెలలో 42, 43 కూడా చూస్తాం. కాబట్టి ఎండాకాలమంతా మన లెక్క గంట అనే పెట్టుకోండి. ఈ గంట విడివిడిగా కాదు, అన్నీ కలిపి: దుకాణంలో కొట్టించిన తర్వాత నిలబడ్డ 10 నిమిషాలు, దారిలో 20 నిమిషాలు, ఇంటికొచ్చి గిన్నెలో పెట్టి కూరగాయలు కోస్తూ కూర్చున్న అరగంట, మొత్తం గంట అయిపోయింది.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. బతికున్న కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది. అప్పుడే కోసిన కూరను ప్లాస్టిక్ కవరులో ముడి వేస్తే ఆ వేడి బయటికి పోదు, లోపల చెమట పడుతుంది. అంటే తాజా కూరే, కానీ సూక్ష్మజీవులు పెరగడానికి కావలసిన వేడి, తడి రెండూ కవరులో పెట్టి ఇంటికి తెస్తున్నాం. అనుకూలమైన వేడిలో కొన్ని సూక్ష్మజీవులు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. మూడు గంటల్లో తొమ్మిది రెట్టింపులు, ఒకటి ఉన్నచోట ఐదు వందల పైచిలుకు.

ఇంట్లో పరీక్ష ఎట్లా చేయాలి?

కడగకముందు, పసుపు ముట్టించకముందు చేయాలి. ఇదొక్కటి తప్పితే మిగతావన్నీ వృథా.

కూరను కవరులోంచి తీసి వెడల్పాటి స్టీల్ తాంబాలంలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి. ఐదు నిమిషాలు వదిలేయండి. కవరులో మగ్గిన వాసన ఈ లోపల ఎగిరిపోతుంది, మిగిలేది కూర సొంత వాసన. తర్వాత మంచి వెలుతురులోకి, వీలైతే కిటికీ దగ్గరికి తీసుకపోండి. ట్యూబులైటు కింద లేత బూడిద రంగు సరిగ్గా కనబడదు.

వాసన చూసేటప్పుడు మొత్తం కుప్ప మీద ముక్కు పెట్టకండి. తొడ కీలు దగ్గర, రెక్క సందులో, మెడ దగ్గర, వెన్నుముక్క లోపలివైపు విడివిడిగా చూడండి. వెన్ను లోపల ఊపిరితిత్తులు, మూత్రపిండాల తునకలు ఎర్రగా అంటుకొని ఉంటాయి. కూర చెడటం మొదలయ్యేది ముందు అక్కడే. రొమ్ము ముక్క చివరిదాకా మంచిగానే ఉన్నట్టు కనబడుతుంది, దాన్ని నమ్మితే మోసపోతారు.

ఆపైన బొటనవేలు, చూపుడువేలు కూర మీద ఆనించి విడదీయండి. తడి మాత్రమే తగిలితే సరే. వేళ్ల మధ్య సన్నగా తీగ సాగినా, తోలు మీద సబ్బు నురుగులా జారినా ఆ కూర పోయినట్టే. చూడటం అయ్యాక చేతులు సబ్బుతో 20 సెకన్లు కడుక్కోవాలి. తాంబాలం కూడా సబ్బుతోనే.

కౌసు వాసన వస్తే పాడైనట్టేనా?

కాదు. పచ్చి మాంసానికి కౌసు వాసన సహజం. తడి ఇనుము ముట్టుకున్నప్పటి వాసనలాంటిది, రక్తపు వాసన, సన్నగా ఉంటుంది. ముక్కు దగ్గరికి తెస్తేనే తగులుతుంది.

పాడైన వాసన అట్లా కాదు, గిన్నె మూత తీయంగానే కొట్టుకొస్తుంది. అందులోనూ రకాలున్నాయి. పులిసిన పెరుగు లాగా, పుల్లటి వాసన వస్తే గాలి తగలకుండా మూటగట్టి ఉంచిన కూర అని అర్థం. మురిగిన కోడిగుడ్డు వాసన వస్తే మాంసంలోని గంధకం విడిపోతున్నదన్నట్టు. కండ్లు మండేటట్టు, మూత్రశాల దగ్గరి ఘాటులాగా వస్తే అమోనియా, అంటే చాలా దూరం పోయింది. తీపి తీపిగా, మాగిపోయిన పండులాంటి వాసన కూడా చెడుకు గుర్తే. కొత్తవాళ్లు దీన్ని పట్టించుకోరు, కౌసు లేదు కదా అనుకుంటారు.

కూర చదరపు సెంటీమీటరు మీద సూక్ష్మజీవులు దాదాపు కోటికి చేరితే గానీ మన ముక్కుకు తెలియదు. పది కోట్ల దగ్గరికి వస్తే జిగట చేతికి తగులుతుంది. కాబట్టి "కొంచెం వాసన మొదలైంది, ఇప్పుడే వండేద్దాం" అనేదానికి అర్థం లేదు. మొదలైంది ఇప్పుడు కాదు.

జలుబు ఉన్నవాళ్లు, గుట్కా, సిగరెట్ అలవాటున్నవాళ్లు ఈ పని ఇంకొకరికి అప్పజెప్పడం మంచిది.

పసుపు, ఉప్పు, నిమ్మకాయ వేసి నాలుగుసార్లు కడిగితే వాసన పోయింది. వండొచ్చా?

వండొద్దు. పోయింది వాసనే. జిగట పొర పైపైన కొట్టుకపోతుంది, ఉప్పు కొంత గుంజుతుంది, నిమ్మరసం అమోనియా ఘాటును అణగదొక్కుతుంది, పసుపు రంగు కప్పేస్తుంది. సూక్ష్మజీవులు ఈపాటికే మాంసంలో వదిలిపెట్టినవి లోపలే ఉంటాయి. పసుపుకు సూక్ష్మజీవులను అణిచే గుణం కొంత ఉన్నమాట నిజమే, కానీ ఇంట్లో వేసే చెంచాడు పసుపు పాడైన కూరను తిరిగి మంచిగా చేయలేదు.

మన ఇళ్లల్లో కూర రాంగనే పసుపు పెట్టడం అలవాటు కాబట్టి సాక్ష్యం అక్కడే చెరిగిపోతుంది. అలవాటు మానమనడం లేదు. ఐదు నిమిషాలు ఆగి, వాసన చూసి, అప్పుడు పెట్టండి.

జిగట ఎంతవరకు మామూలు?

తాజా కూర తడిగా, మెత్తగా, కొంచెం మెరుస్తూ ఉంటుంది. స్కిన్‌లెస్ కూరలో కండల మీద పల్చటి పొర ఉంటుంది, అది నునుపుగా జారుతుంది, చేతికి అంటుకోదు.

అనుమానముంటే ఒక్క తునకను చిన్న గిన్నెడు నీళ్లలో మెల్లగా తిప్పి తీయండి. నీళ్లు ఎర్రగా మారి తునక శుభ్రంగా వస్తే అది రక్తం, రసం. తీసిన తర్వాత కూడా బెండకాయ జిగురు లాగా పట్టుకుంటే పాడైందనే లెక్క.

రంగు మారింది. ఏ రంగుకు భయపడాలి?

రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పడం కష్టం. మంచి కూరను పారేసేదీ, చెడ్డ కూరను వండేదీ ఎక్కువగా రంగు చూసే.

బాయిలర్ రొమ్ము లేత గులాబీ, తొడ కొంచెం ముదురు ఎరుపు. తొడ ఎక్కువ పని చేసే కండ, ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్ దానిలో ఎక్కువ, అందుకే ముదురు. ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంటే గులాబీ కొద్దిగా తగ్గి పాలిపోతుంది. వాసన, జిగట లేకపోతే ఇది భయపడే మార్పు కాదు. అదే మొత్తం బూడిద రంగుకు తిరిగి, మెరుపు చచ్చి, అంచులు ఆకుపచ్చగా కనబడితే వద్దు.

ఆకుపచ్చ రంగుకు రెండు కారణాలు. కోసేటప్పుడు పైత్యం తిత్తి పగిలితే కార్జం చుట్టూ, వెన్ను లోపల ఒకేచోట పచ్చటి మరక పడుతుంది. అది చేదు, ఆ ముక్కను కోసి పారేస్తే చాలు, మిగతా కూర మంచిదే. మరక లాగా కాకుండా అక్కడక్కడ పొరలాగా, తుడిస్తే చేతికి వచ్చేటట్టు ఉంటే మొత్తం పారేయాలి. రెక్క మీద, తొడ మీద నీలం, ఊదా మచ్చ కమిలిన దెబ్బ. జాలీల్లో కుక్కి తెచ్చేటప్పుడు తగులుతుంది. ఆ భాగం రక్తం గడ్డకట్టి ఉంటుంది కాబట్టి తీసేయండి.

రొమ్ము మీద కండ పొడుగున తెల్లటి గీతలు కనబడితే అది కొవ్వు. త్వరగా బరువు పెరిగే బాయిలర్లలో వస్తుంది, చెడు కాదు. రొమ్ము చెక్కలాగా గట్టిగా తగలడం కూడా వాటిలోనే. ఉడికినా పీచులాగా ఉంటుంది, రుచి తక్కువ, అంతే. పసుపుపచ్చ కొవ్వు చూసి పాత కూర అనుకోవద్దు. మక్కలు బాగా తిన్న కోడికి కొవ్వు, తోలు పచ్చగా వస్తాయి.

గిన్నె అడుగున ఎర్రటి నీళ్లు చేరాయి. రక్తమా?

కండలోని నీళ్లు, మయోగ్లోబిన్ కలిసిన రసం. పల్చగా, ఎర్రగా ఉంటే ఇబ్బంది లేదు. చిక్కబడి, మసకబారి, తీగలు సాగితే కూర వాసన ఎట్లున్నా పారేయండి.

అప్పుడే కోసిన కూర బిర్రుగా, రబ్బరులాగా ఉంది. తేడా ఉందా?

లేదు. కోసిన అరగంట, గంటలోపల కండలు బిగుసుకుంటాయి, మళ్లీ నాలుగైదు గంటలకు వదులవుతాయి. బిగుసుకున్నప్పుడే వండితే గట్టిగా ఉంటుంది. ఫ్రిజ్‌లో మూత పెట్టి నాలుగు గంటలు ఉంచి వండితే మెత్తగా వస్తుంది. తాజా కూరను వేలితో నొక్కితే గుంట వెంటనే లేస్తుంది. గుంట అట్లాగే ఉండిపోతే, కండ ఎముకను వదిలి జారితే అది పాత కూర.

నాటుకోడికి ఇవే గుర్తులా?

గుర్తులు అవే, పట్టుకోవడం కష్టం. నాటుకోడిని ఈకలు పీకి, మంట మీద కాల్చి, పసుపు రాసి ఇస్తారు. పొగ వాసన, పసుపు కలిసి పై తోలు మీద అన్నీ కప్పేస్తాయి. కాబట్టి కాల్చిన కోడికి కడుపు లోపలివైపే వాసన చూడాలి, కాల్చడం అక్కడికి చేరదు. కొట్టించిన తర్వాత తొడ కీలు దగ్గర మళ్లీ ఒకసారి.

నాటుకోడి మాంసం బాయిలర్ కన్నా ముదురు ఎరుపు, వయసు ఎక్కువ కాబట్టి కండ గట్టి. కడక్‌నాథ్ అయితే తోలు, కండ, ఎముక అంతా నలుపే, అది జాతి లక్షణం. దానికి రంగు పరీక్ష పనికిరాదు, ముక్కు, చెయ్యి, గడియారం మీదనే ఆధారపడాలి.

కార్జం, కందనకాయ, గుండెకాయ?

వీటిని మిగతా కూర కన్నా ముందే అనుమానించాలి. కార్జంలో రక్తం, నీరు ఎక్కువ, పేగుల పక్కన ఉండే భాగం. మంచి కార్జం ముదురు గోధుమ లేదా ఎర్రటి గోధుమ రంగులో, అంచులు పదునుగా, నొక్కితే బిగువుగా ఉంటుంది. లేత పసుపు రంగులో ఉంటే కొవ్వు పట్టిన కార్జం, పాడైందని కాదు. ముట్టుకుంటే ముద్దలాగా చిదిగిపోతే, తెల్లటి చుక్కలు చాలా ఉంటే తీసేయండి. చుక్కలు కోడికి జబ్బు ఉన్నప్పుడు కూడా వస్తాయి.

కందనకాయ లోపలి పసుపు పొర, దాణా పూర్తిగా తీసి ఉందా చూడండి. కూరతో కలిపి ఒకే కవరులో తెచ్చినా ఇంటికి రాంగనే వేరు చేసి, ఆ రోజే వండేయడం మేలు.

ఫ్రిజ్‌లో ఎన్ని రోజులు ఉంటుంది?

4 డిగ్రీలు లేదా అంతకన్నా చల్లగా ఉంటే 1 నుంచి 2 రోజులు. మూడో రోజు వాసన రాకపోయినా వద్దనే చెబుతాం. చల్లదనం సూక్ష్మజీవులను ఆపదు, నెమ్మదింపజేస్తుంది. సూడోమోనాస్ లాంటివి చలిలో కూడా హాయిగా పెరుగుతాయి, ఫ్రిజ్‌లోని కూర జిగటపట్టడానికి ముఖ్య కారణం అవే.

పెట్టే తీరు కూడా ముఖ్యమే. రెండు కిలోలు ఒకే గంజులో కుక్కి పెడితే నడిమి కూర చల్లబడటానికి గంటలు పడుతుంది. వెడల్పాటి డబ్బాల్లో రెండు వేళ్ల మందం మించకుండా పరిచి, మూత పెట్టి, అన్నిటికన్నా కింది అరలో ఉంచండి. పై అరలో పెడితే రసం కారి పెరుగులో, కోసిన పండ్లలో పడుతుంది. తలుపు అరలో పెట్టొద్దు, తీసినప్పుడల్లా వేడి గాలి తగిలేది దానికే.

రేపు కూడా వండటం కుదరదు అనిపిస్తే ఇవాళే ఉప్పు, పసుపు వేసి పూర్తిగా ఉడికించి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఉడికినది 3, 4 రోజులుంటుంది. సగం ఉడికించి పెట్టడం మాత్రం పచ్చి కూరకన్నా ప్రమాదం: వేడి తగిలింది, సూక్ష్మజీవులు చావలేదు.

రాత్రి కరెంటు పోయింది. పొద్దున ఫ్రిజ్‌లో కూర చల్లగానే అనిపిస్తోంది.

తలుపు తీయకుండా ఉంటే ఫ్రిజ్ 4 గంటలు చల్లదనం నిలుపుతుంది. ఫ్రీజర్ నిండుగా ఉంటే 48 గంటలు, సగమే ఉంటే 24 గంటలు. గాలివానకు రాత్రి పదకొండుకు పోయిన కరెంటు పొద్దున ఆరుకు వస్తే ఫ్రిజ్ భాగంలోని పచ్చి కూరను పారేయాలి. మళ్లీ కరెంటు వచ్చి రెండు గంటలైతే ముట్టుకుంటే చల్లగానే ఉంటుంది, మోసం అక్కడే.

మీరు ఊళ్లో లేనప్పుడు ఏమైందో తెలియాలంటే చిన్న కటోరిలో నీళ్లు గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో ఉంచి పోండి. వచ్చేసరికి బిళ్ల పైననే ఉంటే సరే. అడుగున ఉంటే అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం.

డీప్ ఫ్రీజ్ కూర పాడవుతుందా? కరిగించడం ఎట్లా?

మైనస్ 18 డిగ్రీల దగ్గర సూక్ష్మజీవులు పెరగవు, చావవు కూడా. నిద్రపోతాయి. ముక్కలు 9 నెలలు, మొత్తం కోడి సంవత్సరం దాకా రుచి నిలుపుకుంటుంది. కార్జం, కందనకాయ 3, 4 నెలలే. ఇంటి ఫ్రిజ్ పైన ఉండే చిన్న ఐసు డబ్బా అంత చల్లబడకపోవచ్చు కాబట్టి ఇంత దూరం లాగొద్దు. ఎండిపోయినట్టు తెల్లటి, బూడిద మచ్చలు కనబడితే అది గాలి తగిలి నీరు పోయిన చోటు. ప్రమాదం లేదు, ఆ ముక్క మాత్రం పిప్పిలాగా ఉంటుంది.

పొద్దున తీసి వంటింటి గట్టు మీద పెట్టి సాయంత్రం వండటం మన దగ్గర బాగా కనబడే తప్పు. పైభాగం కరిగి వేడెక్కేసరికి లోపల ఇంకా గడ్డే ఉంటుంది. ముందురోజే ఫ్రిజ్ కింది అరలోకి దింపండి, కిలో ముక్కలు కరగడానికి ఒక రోజు దాకా పట్టొచ్చు. తొందరైతే నీరు లోపలికి పోకుండా కవరు గట్టిగా కట్టి చల్లటి నీళ్లలో ముంచి, 30 నిమిషాలకోసారి నీళ్లు మార్చాలి. కిలోకు సుమారు రెండు గంటలు. ఎండాకాలం మిద్దె మీది ట్యాంకు నీళ్లు కాగిన నీళ్లలాగే వస్తాయి, అవి వాడొద్దు, కుండ నీళ్లలో ఐసు వేసుకోండి. ఇట్లా నీళ్లలో గానీ మైక్రోవేవ్‌లో గానీ కరిగించినదాన్ని వెంటనే వండాలి. ఫ్రిజ్‌లో కరిగినదాన్ని మాత్రం మళ్లీ గడ్డకట్టించొచ్చు, రుచి కొంత తగ్గుతుంది.

గడ్డకట్టిన కూరకు వాసన తెలియదు. పూర్తిగా కరిగిన తర్వాతే పరీక్ష.

సూపర్‌మార్కెట్ ప్యాకెట్ చించంగనే వాసన వచ్చింది.

గాలి తీసేసి మూసిన ప్యాకెట్లలో కొంత వాసన పోగుపడుతుంది. తాంబాలంలో పరిచి 15 నిమిషాలు ఆగండి. పోతే మంచిది, పోకపోతే, పెరిగితే చెడ్డది. ప్యాకెట్ ఉబ్బి ఉంటే తెరవకుండానే దుకాణంలో తిరిగి ఇచ్చేయండి, లోపల సూక్ష్మజీవులు వాయువు పుట్టించాయి. లోపల ఎర్రటి ఐసు పలకలు అడుగున గడ్డకట్టి ఉంటే మధ్యలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టిన సరుకు. లేబుల్ మీద ప్యాక్ చేసిన తేదీ, ఎప్పటిలోపు వాడాలో, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు ఉండాలి. తేదీ లోపలే అయినా తెరిచాక లెక్క మారుతుంది, ఒకటి రెండు రోజులే.

మసాలా పట్టించిన కూర పాడైందో ఎట్లా తెలుస్తుంది?

సరిగ్గా తెలియదు, అందుకే దుకాణంలో ముందే మసాలా, రంగు పట్టించి పెట్టిన తందూరి ముక్కలు కొనేటప్పుడు ఆలోచించాలి. మిగిలిపోయిన కూరను దాచడానికి అల్లంవెల్లుల్లిని మించినది లేదు. తాజా కూర కొని ఇంట్లో పట్టించుకోండి.

ఇంట్లో పెరుగు, నిమ్మరసం పట్టించిన కూర పైన తెల్లబడుతుంది. పులుపుకు మాంసకృత్తులు ముడుచుకోవడం అది, ఉడికిందనీ కాదు, పాడైందనీ కాదు. మసాలా పట్టించినంత మాత్రాన రోజులు పెరగవు. నిన్న తెచ్చిన కూరకు ఇవాళ మసాలా పట్టిస్తే ఒక రోజు అప్పటికే పోయింది. బిర్యానీకి నానబెట్టే గిన్నె గట్టు మీద కాదు, ఫ్రిజ్‌లో ఉండాలి.

బాగా ఉడికిస్తే, కారం దట్టంగా వేస్తే ఏమవుతుంది?

వేడికి సూక్ష్మజీవులు చస్తాయి. కానీ స్టెఫిలోకాకస్ లాంటివి పెరిగేటప్పుడే విషం వదులుతాయి, ఆ విషం మరిగించినా విరగదు. కుక్కర్‌లో ఆరు కూతలు వచ్చినా అంతే. కారం సంగతి చెప్పేదేమీ లేదు, నాలుకను మోసం చేయడమే.

వాసన లేదు, జిగట లేదు, రంగు బాగుంది. అయితే భయం లేనట్టేనా?

పాడవలేదు అనే అర్థం. రోగం తెచ్చే సాల్మొనెల్లా, క్యాంపైలోబాక్టర్ వేరే రకం, అవి ఉన్నా కూరకు వాసన రాదు, రంగు మారదు. కండ్ల ముందు కోసిన కోడిలోనూ ఉండొచ్చు. వీటికి మందు పూర్తిగా ఉడికించడం: ముక్క నడుమ 74 డిగ్రీలు. మాంసం థర్మామీటరు ఉంటే తొడ ముక్కలో ఎముకకు తగలకుండా గుచ్చి చూడండి. లేకపోతే లావు ముక్కను చీల్చి, నడుమ గులాబీ లేకుండా, రసం తేటగా వచ్చేదాకా ఉడికించాలి.

కుళాయి కింద జోరుగా కడిగితే తుంపరలు చుట్టూ పడి, పక్కన ఉన్న కొత్తిమీర మీద, గ్లాసుల మీద ఇవే చేరుతాయి. కడగకుండా వండటం మనవాళ్లకు మనసొప్పదు. అందుకని బగోనలో నీళ్లు పోసి, చెయ్యి నీళ్లలో ముంచే ఉంచి మెల్లగా కడిగి, నీళ్లు నెమ్మదిగా వంచేయండి. తర్వాత సింకు, గట్టు, కత్తి సబ్బుతో. అదే కత్తితో కడగకుండా ఉల్లిగడ్డ చక్రాలు కోసి కూర పక్కన పెట్టడం, ఎంత తాజా కూర తెచ్చినా జబ్బు తెచ్చే పని.

ఉడికినంక ఎముక దగ్గర ఎర్రగా, నల్లగా ఉంది?

బాయిలర్‌ను ఆరు వారాల వయసులోనే కోస్తారు, ఎముకలు ఇంకా గట్టిపడవు. మూలుగలోని రంగు బయటికి ఊరి, వేడికి నల్లబడుతుంది. ఫ్రీజ్ చేసిన కూరలో ఇంకా ఎక్కువ. కండ ఉడికితే తినొచ్చు.

మేడారం, ఐలోని జాతరకు పోతున్నాం. కూర కొని తీసుకపోవచ్చా?

కోడిని తీసుకపోండి, కూరను కాదు. హనుమకొండ నుంచి మేడారం సుమారు 100 కిలోమీటర్లు, జాతర రోజుల్లో బండ్లు బారులు తీరితే ఎన్ని గంటలు పడుతుందో చెప్పలేం. అక్కడ కోయించి, గుడారం దగ్గరే వెంటనే వండుకునే పాత పద్ధతే సరైనది. బతికున్న కోడిని కూడా సంచిలో ముడిచి ఎండలో పెట్టొద్దు, గాలి, నీళ్లు ఉండాలి. దారిలో చచ్చిన కోడిని ఎంత సేపటి కిందటైనా సరే కోయొద్దు. రక్తం సరిగ్గా కారదు, కూర ముదురు ఎరుపుగా, నరాలు నల్లగా కనబడుతుంది, తొందరగా మురుగుతుంది.

వండిన కూర మిగిలితే అదీ పగటి ఎండలో గంట లెక్కనే. టిఫిన్ డబ్బాలో పెట్టుకొని సాయంత్రం ఇంటికి తెచ్చి తినడం వద్దు.

దావత్‌కు 50 కిలోలు ముందురోజే తెప్పించాలి. ఎట్లా?

వీలైతే వద్దు, తెల్లవారుజామున నాలుగింటికి కొట్టించి తెప్పించండి. తప్పదంటే ఐదు కిలోల చొప్పున కవర్లు వేరు చేసి, మూత ఉన్న ఐసు డబ్బాల్లో ఒక వరుస ఐసు, ఒక వరుస కవర్లు పరచాలి. అప్పుడే కోసిన కూరను ఆ వేడి నుంచి 4 డిగ్రీలకు దించడానికే కూర బరువులో మూడో వంతు ఐసు కరిగిపోతుంది. ఆ తర్వాత నిలపడానికి కూడా కావాలి కాబట్టి ఎండాకాలం కనీసం సగం బరువు, అంటే 25 కిలోలు పెట్టుకొని, రాత్రి ఒకసారి నీళ్లు వంపి మళ్లీ నింపాలి. ఐసు కూరకు నేరుగా తగలొద్దు, ఫ్యాక్టరీ ఐసు తాగే నీళ్లతో చేసింది కాకపోవచ్చు. తినడానికి పనికిరాని ఐసుకు నీలం రంగు కలపాలనే నియమం ఉంది.

పెద్ద టబ్బులో కుప్ప పోసి పైన గోనె పట్టా కప్పి పెడితే మాత్రం చుట్టూ బాగుంటుంది, నడిమి పది కిలోలు పులుస్తాయి. వంట మాస్టారు కలిపేశాడంటే ఇక వేరు చేయలేరు. వండే ముందు ప్రతి కవరూ విప్పి నడిమిలోంచి ఒక్కో తునక తీసి చూడాలి.

దుకాణంలో ఏం చూసి కొనాలి?

జాలీలో కోడి చురుగ్గా ఉండాలి. తల వాల్చి మూలకు కూర్చున్నది, ముక్కు కారుతున్నది, వెనుక ఈకలు రెట్టతో తడిసినది వద్దు. మొద్దు, కత్తి, ఈకలు తీసే మిషన్ చూడండి. ముంచే వేడినీళ్ల డ్రమ్ము పొద్దుటి నుంచి అవే నీళ్లతో నల్లగా ఉంటే విత్ స్కిన్ తీసుకోవద్దు, తోలు మీది ఈక గుంటల్లో ఆ మురికి పడుతుంది. అప్పుడు తోలు గుంజి తీసే స్కిన్‌లెస్ మెరుగు. రెండు కిలోల కోడికి స్కిన్‌లెస్ సుమారు కిలో మూడు వందల గ్రాములు వస్తుంది. దానికి మించి బాగా ఎక్కువ తూగిందంటే పక్కన కొట్టిపెట్టిన కూర కలిసిందేమో చూసుకోండి.

మధ్యాహ్నం దాటాక ఇనుప కొక్కేలకు వేలాడేవి, పళ్లెంలో ఈగల కింద ఉన్నవి ఎంత తగ్గించి ఇచ్చినా లాభం లేదు.

బర్డ్ ఫ్లూ వార్తలు వచ్చినప్పుడు?

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చినప్పుడు ఇక్కడ కూడా చాలామంది చికెన్ మానేశారు. 74 డిగ్రీల దాకా ఉడికితే ఆ వైరస్ చస్తుంది. భయం పచ్చి కూర, జబ్బు కోళ్లతో పనిచేసేవాళ్లకే ఎక్కువ. జబ్బు కోడిని ఇంట్లో కోయొద్దు. కూరను చూసి బర్డ్ ఫ్లూ పట్టుకోవడం ఎవరికీ కుదరదు.

అనుమానమున్న కూర తినేశాం. ఏం చేయాలి?

స్టెఫిలోకాకస్ విషమైతే అరగంట నుంచి 8 గంటల్లో వాంతులు మొదలవుతాయి, సాధారణంగా ఒక రోజులో తగ్గుతాయి. సాల్మొనెల్లాకు 6 గంటల నుంచి 6 రోజులు, క్యాంపైలోబాక్టర్‌కు 2 నుంచి 5 రోజులు పట్టొచ్చు. కాబట్టి గురువారం విరేచనాలకు ఆదివారం కూర కారణం కావొచ్చు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో కలిపి కొంచెం కొంచెం తాగాలి. విరేచనంలో రక్తం, 102 ఫారన్‌హీట్ దాటిన జ్వరం, నీళ్లు కూడా నిలవకపోవడం, మూత్రం తగ్గడం, మూడు రోజులు దాటినా తగ్గకపోవడం, వీటిలో ఏదున్నా ఆసుపత్రికి పోవాలి. చిన్నపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్ల విషయంలో అంతదాకా ఆగొద్దు.

పారేసే కూర కుక్కలకు వేయొచ్చా?

వేయొద్దు, వాటికీ కడుపు చెడుతుంది, పేగులు వీధంతా లాగి ఈగలు చేరతాయి. కవరులో గట్టిగా కట్టి, చెత్త బండి వచ్చే పూట దాకా ఫ్రీజర్‌లో ఉంచి తడిచెత్తలో ఇవ్వండి. ఊళ్లో అయితే బావికి, బోరుకు దూరంగా మోకాలి లోతు గుంట తీసి, పైన సున్నం చల్లి పూడ్చండి.